కారని కప్పు

బావా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. తాటాకిళ్ళవాళ్ళు పెంకుటిళ్ళు కట్టుకోవడానికి పంచాయతీ సమితివాళ్ళు గ్రాంటు ఇస్తున్నారంటే నేనూ దరఖాస్తు పెట్టాను. ఈ పొద్దున జోరువానలో గ్రామసేవకుడు వచ్చాడు. మనింటి నాలుగు మూలలూ చూసి, నేల తడిమాడు. పొడిగా ఉంది.

"కారే ఇళ్ళకే ముందు రాస్తన్నామమ్మా. నీ కప్పు బాగానే ఉన్నాది కదా. రేపు ఆఫీసరుగారొస్తారు, ఆయనా ఇదే సూస్తారు" అన్నాడు.

కప్పును మోసే నిట్రాట అడుగున పట్టిన చెద చూపించాను. ఆ సంగతి రాయడానికి కాగితంలో గడి లేదట. వచ్చే ఏడు ఈ కప్పు నేసే మనిషి లేడని చెప్పబోయాను, అప్పటికే అతను కాగితం మడిచేశాడు.

అతను వెళ్ళగానే మీ అక్క, "ఏటాలోసిస్తన్నావే? కర్రెట్టి ఓ కన్నం పొడిసీ. ఆలకేటి తెలుస్తాది?" అంది.

ఈ గ్రాంటు తప్పిపోతే మళ్ళీ ఎప్పుడిస్తారో. చెద అంతవరకూ ఆగదు. మధ్యాహ్నం తలుపు మూసి, నీ వెదురుకర్రతో పైకి పొడిచాను. ఆకు గలగలమంది గాని చిరగలేదు. నువ్వు మూడు వరసలు వేస్తుంటే, రెండు చాలని నీతో పోట్లాడింది నేనే కదా. చేతులు నొప్పి పుట్టేదాకా పొడిచాను.

మళ్ళీ వాన పట్టుకుంది. పొడిచినచోట కింద సత్తుగిన్నె పెట్టుకుని కూర్చున్నాను. ఇంకా పొడిగానే ఉంది.

రేపు వాళ్ళొచ్చేసరికి ఒక్క చుక్క పడనీ, బావా.