కిటికీ లేని ఇంటికి పన్నెండు కర్టెన్లు

షార్జా,
మే 4.

వజీరా అక్కకి, తమ్ముడు కరిముల్లా సలాములు.

ఇక్కడ నేను, నుస్రత్, అఫ్సా బాగున్నాం. అక్కడ నువ్వూ నీ కుట్టుమిషనూ బాగున్నారని తలుస్తాను. ఇక్కడి నుంచి వాట్సాప్ కాల్ కలవదని, మామూలు కాల్ ఖరీదని నీకు తెలుసుగా. అందుకే సెలవు మీద విజయవాడ వస్తున్న జయకృష్ణ చేతికి ఈ ఉత్తరం, ఖర్జూరాలు, అఫ్సా ఫోటో ఇచ్చి పంపుతున్నాను.

ఇల్లెలా ఉందని అడిగావు. పెద్ద ఫ్లాటే. మేం కాక ఇంకో రెండు కుటుంబాలు ఇదే ఫ్లాట్లో ఉంటున్నాయి. అఫ్సా మూడో క్లాసులోకి వచ్చింది. పొద్దున్నే ఏసీ బస్సు వీధి మొదట్లోకి వస్తుంది. ఇక్కడ పిల్లని పెంచడమంటే ఏనుగుని మేపడమే అనుకో. అయినా అల్లా దయవల్ల లోటు లేదు.

ఇట్లు,
నీ తమ్ముడు కరిముల్లా.

తా.క.: ఫోటోలో అఫ్సా వెనకున్న కారు ఖరీదెంతని ఎవరైనా అడిగితే, మా తమ్ముడు చెప్పలేదను. నిజానికి నాకూ తెలియదు.

*

విజయవాడ, వన్‌టౌన్,
జూన్ 20.

తమ్ముడు కరిముల్లాని అక్క వజీరా దీవించి రాస్తున్నది.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఒకసారి నాకోసం, ఒకసారి పక్కింటి మాణిక్యమ్మ కోసం, మూడోసారి షాపుకొచ్చిన వాళ్ళందరి కోసం. రెండు కుటుంబాలకి అద్దెకిచ్చేంత ఇల్లు సంపాదించావా! చిన్నప్పుడు చాప మీద చోటు కోసం నాతో కొట్లాడినవాడివి, ఇవాళ ఓనరువి!

మన వీధి అలీకి మీ ఊళ్ళోనే ఏసీల పని దొరికింది. వీసా రాగానే వస్తాడు. పెళ్ళైనవాడు, నెమ్మదస్తుడు. ఓ గది ఖాళీ చేయించు.

ఆశీస్సులతో,
అక్క.

తా.క.: అద్దె ఒకటో తారీకునే వసూలు చెయ్యి. నీది మెత్తటి మనసు, నెత్తికెక్కి కూర్చుంటారు.

*

షార్జా,
సెప్టెంబర్ 12.

అక్కకి సలాములు.

అలీని పంపొద్దని కాదు, ఇప్పుడే పంపొద్దంటున్నాను. ఇంటికి రంగులు వేయిస్తున్నాం. ఆ వాసనకి మనిషి నిలబడలేడు. రంగులయ్యాక నేల పని ఉంది. నేలయ్యేసరికి రంజాను వచ్చేస్తుంది. ఆ తర్వాత చూద్దాం.

అఫ్సా బాగా చదువుతోంది. క్లాసులో అదే ఫస్టు.

ఇట్లు,
కరిముల్లా.

తా.క.: ఏం రంగని అడుగుతావేమో. నుస్రత్ ఇంకా తేల్చలేదు.

*

విజయవాడ,
డిసెంబర్ 2.

తమ్ముడూ,

ఈ ఉత్తరం నీ చేతికిచ్చిన మనిషే అలీ. ముందు లోపలికి రమ్మను, తర్వాత చదువుకో.

కొత్త రంగులకి పాత కర్టెన్లు ఏం బాగుంటాయని పన్నెండు కుట్టి పంపాను. అతనికి విమానంలో ముప్పై కిలోలు ఒప్పుకుంటే పద్దెనిమిది కిలోలు అవే. మిగతాది మామిడి తాండ్ర, ఆవకాయ. పాపం, అలీ రెండు చొక్కాలతో వస్తున్నాడు.

ఇట్లు,
అక్క.

తా.క.: కర్టెన్లు కట్టాక ఫోటో పంపు. ఈసారి కారు లేకపోయినా పర్లేదు.

*

షార్జా,
జనవరి 10.

అక్కా,

అలీ వచ్చాడు. లోపలికి రమ్మన్నాను. "లోపలంటే ఎక్కడ, అన్నా?" అన్నాడు.

నేను ఓనరుని కాదక్కా. ఒక్క ఫ్లాటుని మూడు కుటుంబాలవాళ్ళం పంచుకున్నాం. మధ్యలో చెక్క గోడలు. పక్క గదాయన తుమ్మితే ఇటునుంచి మేం అల్లా కరుణించాలని దువా చెబుతాం. నీ పన్నెండు కర్టెన్లకి మా దగ్గర ఒక్క కిటికీ లేదు. ఉన్న ఒక్కటీ కేరళ వాళ్ళ వాటాలోకి పోయింది.

ఇంకో సంగతి ఉంది. రాయడానికి నాలుగు రోజులు పట్టింది. అఫ్సా పోయిన ఏప్రిల్ నుంచి బడికి వెళ్ళడం లేదు. కంపెనీ జీతం తగ్గించింది. అద్దె, వీసా, ఫీజు, మూడింట్లో ఒకటి ఆపాల్సొచ్చింది. అద్దె ఆపితే రోడ్డున పడతాం. వీసా ఆపితే రోజుకింతని జరిమానా. పిల్ల చదువు ఆపితే మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. మొదట్లో అఫ్సా బస్సు వేళకి బ్యాగు సర్దుకుని, "ఇవాళ కూడా సెలవేనా నాన్నా?" అని అడిగేది. ఇప్పుడు అడగడం మానేసింది. పాత బాకీ తీర్చందే టీసీ కూడా ఇవ్వరట.

నుస్రత్‌నీ దాన్నీ నీ దగ్గరికి పంపేస్తాను. నేను అలీ తన తోటి పనివాళ్ళతో ఉంటున్న గదిలో సర్దుకుంటాను. ఉంచుకుంటావా? వీధిలో నీ పరువు తీశాను. ముఖం చెల్లడం లేదు.

కరిముల్లా.

తా.క.: కర్టెన్లు తిప్పి పంపుతాను, పదకొండు. ఒకటి అఫ్సా కప్పుకుని పడుకుంటోంది, ఇవ్వనంటోంది.

*

విజయవాడ,
జనవరి 25.

కరీమూ,

ఈసారి నీ ఉత్తరం ఒక్కసారే చదివాను. మాణిక్యమ్మ అడిగితే కళ్ళజోడు కనబడలేదన్నాను.

నువ్వు ఓనరువి కాదని ఫోటో చూసిన రోజే నాకు తెలుసురా. అందరూ కారు చూశారు. నేను టైలర్ని, గౌను చూశాను. అఫ్సా ఐదో ఏట నేను కుట్టి పంపిన గౌనే అది. రెండుసార్లు అంచు విప్పి పొడుగు చేసుకున్నారు. పాత మడతల గీతలు రెండూ కనిపిస్తున్నాయి. లోటు లేని ఇంటి పిల్ల మూడేళ్ళు ఒకే గౌను తొడుక్కోదు.

అయినా అడగలేదు. చిన్నబుచ్చుకుంటావని. నువ్వే చెబుతావని ఓనరన్నాను, చెప్పలేదు. అలీ వస్తాడన్నాను, రంగులన్నావు. ఆఖరికి కర్టెన్లు కుట్టాను. నీ నోట నిజం కక్కిస్తున్నానని ఎంత మురిసిపోయానో! ఇరుకైతే ఇరుకు, పిల్ల చదువుకుంటోందిగా అనుకున్నాను. బడి మానిందని గౌను చూస్తే ఎలా తెలుస్తుంది? ఆ రోజే "ఏమైందిరా" అని ఒక్క ముక్క రాసుంటే దానికి ఈ ఏడాది దక్కేది. ఈ పాపంలో సగం నాది.

ఉంచుకుంటావా అని అడుగుతావా? వచ్చాక నీ చెవి మెలేస్తాను. మున్సిపల్ స్కూలు హెడ్‌మాస్టరు వెంకటసుబ్బారావు గారి దగ్గరికి వెళ్ళాను. టీసీ ఏదమ్మా అన్నారు. మీ ఆవిడగారి జాకెట్లు ఆరు నా దగ్గరున్నాయండీ, సీటు సంగతి చూడండి అన్నాను. పరీక్ష పెట్టి జూన్‌లో మూడో క్లాసులో చేర్చుకుంటామన్నారు. దాని ఈడు పిల్లలు నాలుగులో ఉంటారు. వీధికి కూడా చెప్పేశాను, మా తమ్ముడింట్లో రంగులు ఇంకా అవలేదు, అందుకే తల్లీకూతుళ్ళు వస్తున్నారని.

త్వరగా పంపు.
అక్క వజీరా.

తా.క.: నిన్న అలీ డబ్బులు పెట్టి మామూలు కాల్ చేస్తే అఫ్సా మాట్లాడింది. "అత్తా, అక్కడ బడికి డబ్బులు కట్టాలా?" అనడిగింది. అక్కర్లేదమ్మా అన్నాను. "మరి మేమంతా ఇక్కడెందుకున్నాం?" అంది. మీ నాన్ననడిగి చెబుతానన్నాను. నీకు తెలిస్తే రాయి.