అచ్చు చెరగలేదక్కా

అక్కా బాగున్నావా. ఇక్కడ అందరం బానే ఉన్నాం. అమ్మకి మోకాలు నొప్పి తగ్గింది, నువ్వు పంపిన నూనె రాస్తంది. హైదరాబాద్‌లో నీకు హాస్టల్ తిండి పడట్లేదన్నావుగా, గోంగూర పచ్చడి పంపుద్దంట.

తింటన్నావా అని అడిగావు. తింటన్నా. కొండపల్లిలో ఎండలు ముదిరినయ్. నాన్న దశావతారాల సెట్టు చెక్కుతున్నాడు, నేను రంగులేస్తన్నా.

ఇంక పుస్తకం సంగతి. బెజవాడ గవర్నర్‌పేటలో చవగ్గా అమ్మే పాత నవల ఒకటి కొనుక్కో, బాగుంటే మిగతా సెట్టు కూడా కొంటా అన్నావు. ఆరో క్లాసుతో బడి మానేసినోణ్ణి చదివించాలని నీకు ఆశ. నేనేమో అది కొని, అచ్చంతా చెరిగిపోయింది, డబ్బులు దండగ అని మెసేజ్ పెట్టా. చవకవి అంతేలేరా, కొననులే అన్నావు.

ఆదివారం అది మార్చుకుందామని బస్సెక్కి వెళ్ళా. నాకు కొత్తోళ్ళతో మాట్లాడాలంటే భయం గదా, బయటే నిలబడ్డా. కొట్టాయనే పిలిచాడు.

"ఏం బాబూ, ఏం కావాలి?"

"అచ్చు పోయిందండి."

"ఎక్కడ పోయింది, చూపించు."

వేలు పెట్టి చూపించా. సరిగ్గా అక్కడే గడగడా చదివేశాడు. తండ్రీ కూతురు పడవలో ఏరు దాటతంటే వాన మొదలవుద్ది, అదంతా. పక్కన ఒకావిడ కూడా వంగి చూసి నవ్వింది.

"కాగితం పల్చనే బాబూ, అక్షరం మాత్రం బంగారం. వంద రూపాయలకి ఇంకేం ఇస్తారు?"

బస్టాపులో కూర్చుని మళ్ళీ తీశా. ఏ అక్షరం మీద చూపు పెడితే అదే చెరిగిపోతంది. పక్కవి కనబడతన్నయ్. వాటిని చూస్తే అవీ పోతన్నయ్. బడిలో బోర్డు మీదా ఇట్టాగే ఉండేదక్కా. అందరికీ ఇంతే అనుకున్నా. మొద్దన్నారు, నిజమే అనుకున్నా.

తాత మన మొహం చూడాలంటే తల పక్కకి తిప్పేవాడు, గుర్తుందా? మనం నవ్వేవాళ్ళం. ఇప్పుడు నేనూ తిప్పుతున్నా. "ఎటో చూస్తా మాట్లాడతావేంట్రా, అంత సిగ్గా" అంటది అమ్మ.

ఈ మెసేజ్ కూడా షెడ్డు వెనక కూర్చుని నోటితో చెప్తన్నా, ఫోను రాసుకుంటంది. నీవి కూడా ఫోనే చదివి వినిపిస్తంది.

రంగులైతే పెద్ద బ్రష్షుతో వేస్తా, ఎవరికీ తెలీదు. బొమ్మకి ఆఖర్న సన్న బ్రష్షుతో కళ్ళు పెట్టేది నాన్నేగా. తాత ఆయనకి చిన్నప్పుడే ఆ బ్రష్షు ఎందుకిచ్చేశాడో ఇప్పుడు అర్థమవుతంది. ఇందాక అన్నం తింటా నాన్న అమ్మతో అన్నాడు, "నా చెయ్యి వణుకుతందే. రేపట్నుంచి కళ్ళు మనోడే పెడతాడు." అమ్మ మురిసిపోయి సన్న బ్రష్షుకి పసుపు రాసి దేవుడి దగ్గర పెట్టింది. నేను కంచం తీసేసి ఇట్టా షెడ్డు వెనక్కి వచ్చా.

నాన్నకి నువ్వు చెప్పక్కా. రేపు పొద్దున్నే, నాన్న షెడ్డులోకి రాకముందే ఫోన్ చెయ్. కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమను. తిడితే తిట్టనీ.

ఆ పుస్తకాల సెట్టు కొను. మంచియ్యే, నా మాట విని మానొద్దు. నువ్వు వచ్చినప్పుడు పడవలో వాళ్ళు ఒడ్డుకి చేరారో లేదో చదివి చెప్పు. కొట్టాయన వాన దాకే చదివాడు.

ఇట్లు
నీ ఫోన్ కోసం చూస్తా ఉండే
నీ తమ్ముడు విశ్వం