నల్లకోడి తోలుగుడ్డు

శుక్రవారం.

నల్లకోడి ఇవాళ కూడా పెంకు లేని గుడ్డే పెట్టింది. చేతిలోకి తీసుకుంటే తోలుసంచిలా మెత్తగా జారింది. మా పాప పెద్దమనిషై అయిదు రోజులు. రోజూ పొద్దున్నే దానికి పచ్చిగుడ్డూ నువ్వులనూనే తాగించాలి.

అత్త గుడ్డు చూసి, "దిష్టి తగిలుండాది మే. ఇది బిడ్డకు పొయ్యొద్దు" అంది.

"దిష్టి కాదత్తా, కోడికి సున్నపు సత్తు చాలలేదు" అన్నాను.

అందుకే వారం నుంచి గుడ్డుపెంకులు ఎండబెట్టి దాచాను. దంచి నూకల్లో కలుపుదామని వెళ్తే చేట ఖాళీ! ఒక్కటీ మిగల్చకుండా అత్త అన్నీ గులాబీ కొమ్మలకు గుచ్చింది, దిష్టి పోవాలని. నాకు ఒళ్లు మండిపోయింది. వాటిని పీకితే అత్త పాప పేరు చెప్పి ఏడుస్తుంది. ఉత్త నూకలే తీసి పెట్టాను.

సాయంత్రం మిల్లులో షిఫ్టు మారే సంకు కూసేవేళ కోళ్లను వదిలాను. నల్లకోడి నూకలవైపు చూడనైనా లేదు. నేరుగా వాకిట్లోకి పోయి అత్త వేసిన ముగ్గును గీత వెంట గీత పొడుచుకు తింది. అత్త చీపురెత్తింది.

"సున్నపురాయి పిండే కదత్తా, తిననీ."

"శుక్రవారం ముగ్గు మే!" అంటూ తరిమేసింది.

రేపు ముగ్గు నేనే వేస్తాను. వాకిట్లో చిన్నది. కోళ్లగూటి ముందు మాత్రం పెద్ద రథం.