నాలుగు శనివారాల కాపలా

జూన్ 3, సోమవారం

ఈ రోజుతో నా ఉద్యోగానికి నెల నిండింది. హోదా: జూనియర్ ఫెసిలిటేటర్. ఈ నెలలో సమాజానికి నేను చేసిన సేవ: కుర్చీలు గుండ్రంగా వెయ్యడం, టిష్యూ డబ్బా నింపడం. సోషల్ వర్క్‌లో డిస్టింక్షన్ ఊరికే రాదు కదా.

మా సెంటర్ పని బయటివాళ్లకి చెబితే నవ్వుతారు. పద్దెనిమిది నిండని పిల్లలు ఏదైనా ఘనకార్యం చేస్తే, చేసినవాళ్లనీ దానివల్ల దెబ్బతిన్నవాళ్లనీ కూర్చోబెట్టి మాట్లాడిస్తాం. పోయినదాన్ని ఎలా పూడ్చాలో వాళ్లే తేల్చుకుంటారు. ఒప్పుకున్నది ఒప్పుకున్నట్టు చేస్తే కోర్టు కేసు మూసేస్తుంది. మా నాన్న దీన్ని "తిట్టుకోడానికి అపాయింట్‌మెంట్" అంటాడు.

ఈ రోజు మేడమ్ నాకు సొంతంగా ఒక ఫైలు ఇచ్చింది. మేడమ్ గొంతు ఎంత మెత్తనంటే ఫ్యాన్ ఆపితే గానీ వినబడదు. ఆపాను. పదహారేళ్ల అమ్మాయి. వాళ్ల మావయ్యకి డ్రైవింగ్ స్కూల్ ఉంది. మధ్యాహ్నం ఆయన భోంచేసి కునుకు తీస్తుంటే ఆ కారు తీసుకెళ్లి ఒక సెలూన్ అద్దాల తలుపులోంచి లోపలికి పెట్టింది. కారు మీద 'లెర్నర్' అని బోర్డు ఉంది కాబట్టి జనాన్ని మోసం చేసిందని మాత్రం ఎవరూ అనలేరు. ఎవరికీ దెబ్బలు తగల్లేదట.

జూన్ 5, బుధవారం

సెలూన్‌కి వెళ్లాను. నేను గుమ్మంలో అడుగు పెట్టగానే లోపలున్న ముగ్గురు మగాళ్లు కబుర్లు ఆపేసి పేపరు చదవడం మొదలుపెట్టారు. పేపరు ఒక్కటే.

సెలూన్ బాబాయ్‌కి యాభై దాటి ఉంటాయి. ఫైలులో మీరు బాధితులండీ అన్నాను. కత్తెర ఆపి, ఎవరూ అన్నాడు. ఫీలింగ్స్ ఏమన్నా ఉన్నాయా అని మాన్యువల్ ప్రకారం అడిగాను. అద్దాలు ఇన్సూరెన్స్ వాళ్లు వేయించారు, ఇంక ఫీలింగ్స్ ఏంటమ్మా అని నాకు టీ తెప్పించాడు.

కానీ రెండు వింతలు చూశాను. ఒకటి, కటింగ్ కుర్చీ అద్దానికి వీపు పెట్టి రోడ్డు వైపు తిరిగి ఉంది. ఎదురుగా బస్‌స్టాప్. బస్సు కోసం నిలబడ్డవాళ్లంతా కటింగ్‌ని సినిమాలా చూస్తున్నారు. ఎడమ పక్క ఇంకాస్త తియ్యాలని ఒక పెద్దావిడ రోడ్డు అవతలి నుంచి చెయ్యూపి చెప్పింది. ఆవిడ చెప్పింది కరెక్టే.

రెండోది, గోడకి అట్టముక్క. 'షేవింగ్ లేదు.' ఎన్నాళ్లుగా అన్నాను. మూడు నెలలుగా అని పేపరు వెనక నుంచి జవాబొచ్చింది. కారొచ్చి కూడా మూడు నెలలే. సగం బేరం గడ్డాలదేనట. ఆ గడ్డాలన్నీ ఇప్పుడు సందు చివరి ఏసీ సెలూన్‌కి నడిచిపోతున్నాయట. ఇంకో రెండు నెలలిలాగే ఉంటే ఈయన షట్టర్ దించేస్తాడని పేపరు బాగా గొంతు తగ్గించి చెప్పింది.

జూన్ 7, శుక్రవారం

రేసర్ వాళ్లింటికి వెళ్లాను. పేరు నేనే పెట్టాను. ఆ పిల్లకి తెగ నచ్చింది, అదే సమస్య.

నేను పిల్లని ఏం అడిగినా వాళ్లమ్మే చెబుతుంది. కారెందుకు తీశావంటే, స్నేహాలమ్మా అంటుంది. ఇప్పుడెలా ఉందంటే, అన్నం మానేసిందమ్మా అంటుంది. ఆ పిల్ల అప్పుడు ప్లేటు పట్టుకునే ఉంది.

క్షమాపణ ఉత్తరం సిద్ధంగా పెట్టారు. "జరిగిన అసౌకర్యానికి మిక్కిలి చింతిస్తున్నాము." రైలు నాలుగు గంటలు లేటని చెప్పినట్టుంది. ఎవరు రాశారన్నాను. మావయ్య గర్వంగా తలూపాడు. చించెయ్యలేదు. మడిచి ఇచ్చేశాను.

గేటు దగ్గర రేసర్ ఒక్కతే దొరికింది. కొత్త అద్దం పాతదానికంటే బాగుంది కదక్కా, మరి ఆయనకింకా పోయిందేంటి అని అడిగింది. వెక్కిరింపు కాదు, నిజంగా తెలీకే అడిగింది. నాకూ తెలీదని చెప్పలేదు. హోదా అడ్డొచ్చింది.

జూన్ 9, ఆదివారం

పొద్దున్నే మా అమ్మ నా ఫీలింగ్స్ ఏంటని అడిగింది. గిన్నెలు కడగమని అర్థం.

జూన్ 17, సోమవారం, సాయంత్రం 6

మీటింగ్ అయింది. అయిందనే అనుకుంటున్నాను.

ఆరు కుర్చీలు గుండ్రంగా వేశాను. గుండ్రంలో ఎక్కువా తక్కువా ఉండవు: మాన్యువల్, మూడో పేజీ. రేసర్, వాళ్లమ్మ, మావయ్య, మేడమ్, నేను, సెలూన్ బాబాయ్. బాబాయ్ కూర్చున్నాడు, వెంటనే లేచాడు. వెనకాల తలుపుంది. మావయ్య తన కుర్చీ ఇచ్చాడు. అక్కడ వెనకాల కిటికీ. మేడమ్ తనది ఇచ్చింది. అక్కడ కూడా రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. చివరికి కుర్చీ ఎత్తుకెళ్లి గోడకి ఆనించుకున్నాడు. ఎదురుగా మేం కూర్చుంటే ఆయనకి తలుపు కనబడట్లేదు. అందుకని ఒక్కొక్కరమే జరిగాం. పది నిమిషాల్లో ఆరుగురం గోడకి వీపులానించి ఒకే వరసలో, ఎక్స్‌రే కోసం వచ్చినవాళ్లలా కూర్చున్నాం. గుండ్రం పోయింది. వెనకే నా ఉద్యోగం కూడా పోతుందనుకున్నాను.

అప్పుడు మాట్లాడాడు. ఎదురుగా ఎవరి మొహమూ లేదనేమో. ఆ మధ్యాహ్నం ఒకాయనకి గడ్డం గీస్తున్నాడట. రోడ్డుకి వీపు. అద్దంలో కారు పెద్దదవుతూ కనబడింది. తర్వాత చప్పుడు, గాజుముక్కలు. ఆ కస్టమర్ సగం గడ్డంతో, మెళ్లో గుడ్డతో పరిగెత్తాడు. మళ్లీ ఇటు రాలేదు.

"కారు సంగతి వదిలెయ్యండి. కత్తి ఆయన గొంతు మీదుంది. తర్వాత చూస్తే కింద పడుంది. ఆ మధ్యలో నా చెయ్యి ఎటు వెళ్లిందో నాకు తెలీదు. అలాంటి చేతిని తీసుకెళ్లి ఇంకో గొంతు మీద ఎలా పెట్టను?"

టిష్యూ డబ్బా మొదట వాడింది నేనే. రేసర్ నోరు తెరిచింది. వాళ్లమ్మ నోరు అంతకంటే ముందు తెరుచుకుంది: పిల్ల ఏం చూడలేదండీ, కళ్లు మూసుకుందండీ అంది. మావయ్య పాలసీ నంబరు చదివాడు.

మీకేం కావాలి అని మేడమ్ అడిగింది. ఆ గదిలో ఫ్యాన్ లేకపోవడం మా అదృష్టం. ఉత్తరాలొద్దన్నాడు బాబాయ్. నాలుగు శనివారాలు ఈ పిల్ల వచ్చి సెలూన్ గుమ్మంలో బల్ల మీద కూర్చుని, తన బదులు రోడ్డు చూడాలి. ఇటేదైనా వస్తుంటే చెప్పాలి. అంతే. మగాళ్ల సెలూన్‌లో మా పిల్లా అని వాళ్లమ్మ గుండె పట్టుకుంది. నేను తోడుంటాను అన్నాను. శనివారాలు నాకు సెలవని తర్వాత గుర్తొచ్చింది.

ఒప్పంద పత్రంలో 'సేవ స్వభావం' అని ఒక గడి ఉంది. మేడమ్ కాసేపు ఆలోచించి రాసింది: రోడ్డు చూచుట.

జూన్ 22, శనివారం

కుర్చీని అద్దం వైపు తిప్పారు. బస్‌స్టాప్ జనం చాలా నిరాశపడ్డారు.

రేసర్ ఫోన్ నా బ్యాగులో. మొదటి అరగంట కామెంటరీ: సైకిల్, నీళ్ల ట్యాంకర్, ఇద్దరు అంకుల్స్, ఒక కుక్క, మళ్లీ అదే కుక్క. చెప్పినప్పుడల్లా బాబాయ్ వెనక్కి తిరిగాడు. ఇటొచ్చేవే చెప్పమన్నాడు. అప్పుడు పిల్ల నోరు మూసుకుంది. ఆ నిశ్శబ్దం భరించలేక ఇంకా ఎక్కువ తిరిగాడు. చివరికి ఒక పద్ధతి కుదిరింది. ప్రతి రెండు నిమిషాలకీ రేసర్ 'ఏం రావట్లేదు' అనాలి. రానివాటి గురించి అంత శ్రద్ధగా చెప్పే మనిషిని నేనింతవరకూ చూళ్లేదు.

మూడు కటింగ్‌లు. ఒకటి కాస్త ఎత్తుపల్లాలు. షేవింగ్ సున్నా.

జూన్ 29, శనివారం

రేసర్ రోడ్డుని కాపలా కాసింది. వాళ్లమ్మ వచ్చి రేసర్‌ని కాపలా కాసింది. నేను వాళ్లమ్మని. పేపరువాళ్లు మా ముగ్గుర్నీ. రోడ్డు మీద ఏ నేరమూ జరగలేదు.

జూలై 6, శనివారం

వాళ్లమ్మకి పంటి నొప్పి, రాలేదు. నాలుగింటికి సెలూన్ ఖాళీ. బాబాయ్ కత్తి తీసి తుడుస్తున్నాడు. రోజూ తుడుస్తాడట, మళ్లీ పెట్టేస్తాడట. రేసర్ రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, 'ఏం రావట్లేదు' అన్నంత మామూలుగా చెప్పింది.

"పైకే వెళ్లింది అంకుల్, మీ చెయ్యి. అద్దంలో మిమ్మల్ని చూశా. మీరూ నన్ను చూశారు. కత్తి పైకెత్తేసి, రెండో చేత్తో ఆయన తల పక్కకి లాగేశారు. నన్ను కొట్టడానికే ఎత్తారనుకున్నా."

ఆ రోజు మీటింగ్‌లోనే ఎందుకు చెప్పలేదని అడిగాను. చూశానంటే మరి బ్రేక్ ఎందుకు వెయ్యలేదంటారని వాళ్లమ్మ తొడ మీద గిల్లిందట. వేశాననే అనుకుందట. తొక్కింది బ్రేక్ కాదట. అది చెబుతూ ఏడ్చేసింది. ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో మాన్యువల్లో పేజీన్నర ఉంది, ఒక్క ముక్క గుర్తు రాలేదు. భుజం చుట్టూ చెయ్యేశాను.

బాబాయ్ తన చెయ్యి తనే చూసుకున్నాడు. ఎంత పైకి అని అడిగాడు. ఫ్యాన్ దాకా అంది. మళ్లీ చెప్పమన్నాడు. చెప్పింది. మూడోసారి లేచి, ముక్కు తుడుచుకుని, దువ్వెన పట్టుకుని చేసి చూపించింది. నేను కస్టమర్‌ని. నా తల పక్కకి లాగింది కూడా.

అంతసేపూ రోడ్డుని ఎవరం చూడలేదు. ఆ సంగతి ముందు గుర్తొచ్చింది కూడా నాకే. చెప్పలేదు.

వచ్చేటప్పుడు బాబాయ్ అన్నాడు, వచ్చే శనివారం ఒక గడ్డం తీసుకురా అమ్మాయ్ అని.

జూలై 11, గురువారం

గడ్డం దొరకట్లేదు. పేపరువాళ్లు ముగ్గుర్నీ అడిగాను. ఒకాయనకి శనివారం ఊరు ప్రయాణం ఉంది. ఇంకొకాయన ఇప్పుడే గీయించుకున్నానన్నాడు, జానెడు గడ్డం నిమురుతూ. మూడో ఆయన గొంతు తడుముకున్నాడు.

ఇంట్లో నాన్న కాళ్లు పట్టుకున్నాను. ఆయన ముప్పై ఏళ్లుగా తన గడ్డం తనే గీసుకుంటాడు, ఈ విషయంలో దేవుణ్ణి కూడా నమ్మడు. అమ్మ గరిట కింద పెట్టి, ముప్పై ఏళ్లుగా నాతో కాపురం చేసినవాళ్లకి కత్తంటే భయమేంటి అంది. నాన్న ఒప్పుకున్నాడు. పడుకోబోయే ముందు బీరువా తెరిచి ఇన్సూరెన్స్ కాగితాలు ఏ అరలో ఉన్నాయో నాకు చూపించాడు.

జూలై 13, శనివారం

నాన్న కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకున్నాడు. తెరిచాడు. ఏది మేలో తేలక ఒకటి మూసి ఒకటి తెరిచి ఉంచాడు.

నురగ. కత్తి. బాబాయ్ కత్తిని చెంప దాకా తెచ్చాడు. ఆగి, చేతిని ఫ్యాన్ వైపు పైకెత్తి ఒకసారి చూసుకుని, దించాడు. ఎడమ చెంప. ఏం రావట్లేదు అంది రేసర్. కుడి చెంప. ఏం రావట్లేదు. గొంతు దగ్గరికొచ్చేసరికి రోడ్డు మీద పెద్ద హారన్. నేను తిరిగాను, పేపరు తిరిగింది, నాన్న తెరిచిన కన్ను కూడా మూసేశాడు. బాబాయ్ తిరగలేదు. కత్తి ఎత్తి పట్టుకుని, అద్దంలోకే చూస్తూ అడిగాడు.

"ఎవరమ్మా?"

"పాల వ్యాన్, అంకుల్. అటెళ్లిపోతోంది."

కత్తి దిగింది.

నాన్న బయటికొచ్చి మొహం తడుముకుని, ముప్పై ఏళ్లుగా ఎడమ దవడ కింద నాలుగు వెంట్రుకలు వదిలేస్తున్నానని ఈ రోజే తెలిసిందన్నాడు. ఆయన గొంతులో చాలా బాధ.

ఒప్పందం పూర్తయింది. ఫారంలో 'బాధితుని ప్రస్తుత ఫీలింగ్స్' అనే గడిలో ఏం రాయమంటారని బాబాయ్‌ని అడిగాను. గోడ మీది అట్టముక్క పీకి నా చేతిలో పెట్టాడు. ఫారానికి పిన్ చేశాను.

జూలై 20, శనివారం

రేసర్ రాలేదు. రావాల్సిన పనీ లేదు. సెలూన్‌కి వెళ్తే కుర్చీలో ఎవరిదో మొహం, నిండా నురగ. బాబాయ్ వీపు రోడ్డుకి. పరుగున వెళ్లి గుమ్మంలో బల్ల మీద కూర్చుని రోడ్డు చూడ్డం మొదలుపెట్టాను. ఏం రావట్లేదు, అన్నాను. రెండు నిమిషాలాగి మళ్లీ అన్నాను.

మూడోసారికి బాబాయ్ వెనక్కి తిరక్కుండానే అన్నాడు:

"కాస్త పక్కకి జరుగమ్మాయ్. గాలి ఆగిపోతోంది."