అర్బాబ్ తుపాకీకి కొత్త కట్టె

రాజన్న మామా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నీ మీద కోపం మాత్రం పోలేదు. పదేళ్లు నీ పక్కన వడ్రంగం చేసినవాణ్ణి. అయినా మనం అర్బాబ్ అని పిలిచే అరబ్బు యజమాని ముందర "వీనితోని సన్నపని గాదు, తలుపులకే పనికొస్తడు" అన్నావు. ఆ రోజు నుంచి తలుపులే చేశాను.

ఇవాళ ఆయన నన్ను సీబ్ ఊళ్లోని తన ఇంటికి పిలిచాడు. చనిపోయిన వాళ్ల నాన్న వేట తుపాకీకి వెనక కట్టె చీలిపోయింది. కొత్త కట్టె తెప్పించాడు గానీ తుపాకీ ఇనుప భాగం అందులో కూర్చోవడం లేదు. చెడగొడితే నా పని ఊడుతుందని తెలిసే ఒప్పుకున్నాను. ఇనుముకు మసి పూసి కట్టెలో నొక్కి, మసి అంటిన చోటల్లా ఉలితో గీకాను. సాయంత్రానికి వెంట్రుకంత సందు లేకుండా కూర్చుంది. అర్బాబ్ దాన్ని భుజానికి ఆనించుకుని చాలాసేపు దించలేదు.

"ఎవరు నేర్పారు?" అని హిందీలో అడిగాడు.

"ఎవరూ నేర్పలేదు" అన్నాను.

మసి పూసి చూడటం నువ్వే చూపించావు. ఒక్కసారే చూపించావు. రెండోసారి అడిగితే సుత్తి విసిరావు. ఆయన రేపు మళ్లీ అడిగినా నీ పేరు చెప్పను.