ఖాళీ వెనిగర్ డబ్బా

అక్కా,

నేను క్షేమం. మూడు రోజులుగా వాయవ్యపు గాలి, వాన. సర్ఫింగుకు వచ్చినవాళ్లు నీళ్లలో ఉన్నంతసేపూ పడవ మీద నిలబడి మొసళ్లు వస్తాయేమో చూడటం నా పని. నిన్న పొద్దున వాళ్లలో గ్రాంట్ తొడకు విషపు జెల్లీచేప చుట్టుకుంది.

"వెనిగర్ తేరా సౌలో, చూస్తూ నిలబడ్డావేం!" అని కెప్టెన్ అరిచాడు.

కుట్టినచోట పోయడానికి ఉంచిన డబ్బా ఖాళీ. ముందురోజు నువ్వు నేర్పినట్టు పచ్చి చేపముక్కలు నానబెట్టడానికి నేనే వాడేశాను. ఆ రాత్రి గ్రాంట్ రెండుసార్లు వడ్డించుకుని, "మీ అక్కకు చెప్పరా, ఇది తినడానికే మీ ఊరొస్తాను" అన్నాడు.

అమ్మకు చెప్పకు. ఈసారి సరుకుల పడవలో నాలుగు డబ్బాల వెనిగర్ పంపు. వాననీళ్ల తొట్టి కారడం ఆగిందా? ఆదివారం చర్చిలో గ్రాంట్ పేరున ప్రార్థన చేయించు.

అతను పదకొండింటికి పోయాడు. హెలికాప్టర్ పన్నెండున్నరకు వచ్చి శవాన్ని తీసుకెళ్లింది.

సౌలో