యుద్ధం మధ్యలో అన్నం మాట

అమ్మా,

నిన్న నీ సంవత్సరీకం అయింది. ఇవాళ బ్రిక్‌ఫీల్డ్స్ పేటలో షూటింగ్. పాతికేళ్లు తమిళ సీరియళ్లలో హీరోగా చేసిన నేను మొదటిసారి హీరోకి తండ్రి వేషం వేశాను. విగ్గు అక్కర్లేదన్నారు, ఉన్న తెల్లజుట్టే చాలట. కాస్త కోపం వచ్చింది.

బటాంగ్ బెర్జుంటైలో మన రబ్బరు ఎస్టేట్ గుడి ముందు నా మొదటి నాటకం గుర్తుందా? రాజు వేషంలో కత్తి ఎత్తి శత్రువు మీదికి ఉరుకుతున్నాను. ముందు వరసలోంచి నువ్వు, "ఒరే చిన్నా, అన్నం తిన్నావేటి?" అని కేకేశావు. ఎస్టేటంతా నవ్వింది. మొహాన రంగు ఉన్నంతసేపూ వేషగాణ్ణి ఇంటిపిలుపుతో పిలవకూడదన్నది మనవాళ్ల కట్టుబాటు.

"నా పరువు తీసినావు. ఇంక నా నాటకానికి రాకు" అన్నాను. నువ్వు మళ్లీ రాలేదు. నా సీరియళ్లు మాత్రం టీవీలో చూసేదానివి.

ఇవాళ్టి సీన్‌లో హీరో దెబ్బలు తిని ఇంటికొస్తాడు. "గెలిచావా?" అని నేను తమిళంలో అడగాలి. పొద్దున్నుంచీ ఫైట్లు చేసి ఆ కుర్రాడి మొహం పీక్కుపోయింది. అది చూసి, "తిన్నావేటిరా?" అనేశాను, మన తెలుగులో.

దర్శకుడు కట్ చెప్పలేదు. తర్వాత వచ్చి, "నాకు అర్థం కాలేదు గానీ అణ్ణే, అదే ఉంచేద్దాం లా" అన్నాడు మలయ్ యాస తమిళంలో.

ఆ కుర్రాడు నిజంగానే తినలేదట.

ఆ రాజు వేషం రోజు నేనూ తినలేదమ్మా.